ఒడిబియ్యం ఫోటో

పొద్దున ఎనిమిది కాకముందే కవిత మూడుసార్లు గేటు దాకా వెళ్ళి వచ్చింది. శంషాబాద్‌లో వాళ్ళ గల్లీకి ఆ వేళప్పుడు పాల బండి వస్తుంది, నీళ్ళ ట్యాంకర్ వస్తుంది, బడి ఆటో వస్తుంది. అన్నీ వచ్చి వెళ్ళాయి. బాపు తెల్ల కారు మాత్రం జాడ లేదు.

“గేటు అరుగుతది బిడ్డా,” అంది మంజుల, కుట్టుమిషన్ మీద నుంచి తలెత్తకుండానే. “నువ్వెంత తొంగి చూసినా ఇమానం దిగినోళ్ళను వాళ్ళింటికాడ దింపినంకనే వస్తడు మీ బాపు.”

“నేను బాపు కోసం చూస్తలేను,” అంది కవిత.

“ఎర్క. కెమెరా కోసం చూస్తున్నవు.”

కవిత నవ్వింది. అమ్మ దగ్గర దాచడానికి ఏముంది కనుక. పది రోజుల కింద పేపర్లో వచ్చిన కెమెరా ప్రకటన కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించింది తనే. నల్లటి పెద్ద కెమెరా, ముందు గుండ్రటి లెన్సు, మెడలో వేసుకునే పట్టీ. డీఎస్‌ఎల్‌ఆర్‌లలో అదే మొదటి మెట్టు, కొత్తగా పని మొదలుపెట్టేవాళ్ళు కొనుక్కునేది. తండ్రి గోవర్ధన్ నీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ దాన్ని చూశాడు. మూడో రోజు, “కెమెరానే గద, తెస్త తియ్యి,” అన్నాడు. ఆ ఒక్క మాటతో కవితకు వారం రోజులుగా కాలు నేల మీద నిలవడం లేదు.

డిగ్రీ అయిపోయాక రెండేళ్ళుగా ఆమె బస్టాండు దగ్గర రవీందర్ సార్ ఫోటో స్టూడియోలో పనిచేస్తోంది. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరో తీసిన పెళ్ళిఫోటోలను ఆల్బమ్‌లుగా పేర్చడం ఆమె పని. మొన్న రవీందర్ సార్ పిలిచి ఒక మాట చెప్పాడు. “ఆడోళ్ళ కార్యాలకు ఆడపిల్లే వచ్చి ఫోటోలు తియ్యాలని అడుగుతున్నరు కవితా. ఒడిబియ్యాలు, శ్రీమంతాలు, నలుగులు. మగోడు కెమెరా పట్టుకొని అర్రలకొస్తే వాళ్ళు ముడుచుకపోతున్నరు. నువ్వు ఒక్క కార్యం సొంతంగ తీసి చూపియ్యి. మంచిగుంటే ఇగ నిన్నే పంపుత.”

కార్యం ఇంట్లోనే సిద్ధంగా ఉంది. మర్నాడే మంజులకు తల్లిగారింట్లో ఒడిబియ్యం. పెళ్ళయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్ళు పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళతో ఒడిలో పోసి పంపడం ఆ వైపు పల్లెల్లో పెద్ద ముచ్చట. మూడేళ్ళకో అయిదేళ్ళకో ఒకసారి పోస్తారు. కిందటిసారి పోసినప్పుడు ఫోటో తీసే దిక్కు లేదు. తాత శివయ్యకు డెబ్భై ఎనిమిది నిండాయి. మళ్ళీ అయిదేళ్ళకు ఆయన చేతులు ఎలా ఉంటాయో అని మంజుల పైకి అనలేదు గానీ, ఈసారి ఫోటో ఉండాలని మాత్రం రెండుసార్లు అంది.

గోవర్ధన్ వచ్చేసరికి తొమ్మిదిన్నరయింది. కారు దిగిన మనిషి చేతుల్లో ఏమీ లేదు. ఆయన తాపీగా కాళ్ళు కడుక్కుని, కుర్చీలో కూర్చుని, చాయ్ గ్లాసు అందుకుని, అప్పుడు చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. అగ్గిపెట్టె తీసినంత సులువుగా వెండిరంగు కెమెరా ఒకటి తీసి కూతురి చేతిలో పెట్టాడు.

“జేబుల పడ్తది,” అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

కవిత దాన్ని అటూ ఇటూ తిప్పింది. అరచేతి వెడల్పు కూడా లేదు. “ఇది గాదు బాపు నేనడిగింది.”

“నువ్వడిగింది నాకెర్క బిడ్డా. ఫ్రిజ్ మీద రోజూ చూస్తనే ఉన్న. గానీ జర నా మాట విను.”

గోవర్ధన్ ఎయిర్‌పోర్టు తెరిచిన నాటి నుంచి, అంటే ఆరేళ్ళుగా, అక్కడ ట్యాక్సీ నడుపుతున్నాడు. విమానం ఎక్కేవాళ్ళను లోపలికి పంపే గుమ్మం ముందు కారు ఆపితే రెండే నిమిషాలు. ఆ తరువాత కాపలా మనిషి సీటీ ఊది బండి తీయమంటాడు. ఆ రెండు నిమిషాల్లోనే జనం కౌగిలించుకోవాలి, ఏడవాలి, ఫోటో దిగాలి. ఫోటో తీసి పెట్టమని అందరూ చెయ్యి చాచేది డ్రైవరు వైపే. ఈ ఆరేళ్ళలో గోవర్ధన్ తీసినన్ని ఫోటోలు రవీందర్ సార్ కూడా తీసి ఉండడు.

“పెద్ద కెమెరా ఉన్నోడు సంచి జిప్పు తీస్తడు. మూత తీస్తడు. పట్టీ మెడల ఏస్కుంటడు. కన్ను పెట్టేసరికి సీటీ,” అన్నాడు గోవర్ధన్. “దుబాయి పోయే మనిషి అవ్వను పట్టుకొని ఏడ్సి లోపలికి పోయినంక ఇగ ఎవరిని తీస్తడు? గదే చిన్న కెమెరా ఉన్నోడు టక్కున తీసి నా చేతుల పెడ్తడు. నేను నవ్వుమని గూడ అనను. ‘బ్యాగు మర్చిపోయిన్రా’ అంట. అందరు ఒక్కపారి తలకాయ ఎత్తి నా దిక్కు చూస్తరు. గప్పుడు నొక్కుత. ఒక్కటి తప్పిపోదు.”

“గది ఎయిర్‌పోర్టు ముచ్చట,” అంది మంజుల. “పిల్ల అడిగింది వేరు. మార్చుకొని రారాదు?”

“డబ్బ ఇప్పినంక వాపసు తీస్కోరు. అయినా మంచిదేనే ఇది. నేను మూడు దుకాణాలు తిరిగి తెచ్చిన.”

స్టూడియోలో ఉన్న రెండు పెద్ద కెమెరాలూ మర్నాడు పెళ్ళిళ్ళకు పోతున్నాయి. మంచి ముహూర్తం మరి. కవిత చిన్న కెమెరాను చార్జింగులో పెట్టి, ఫ్రిజ్ మీది కాగితాన్ని చించి చెత్తబుట్టలో వేసింది. ఆ చించిన చప్పుడు గోవర్ధన్‌కు వినపడే ఉంటుంది. చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే నలుగురూ కాక ముగ్గురే బయలుదేరారు. కవిత అన్న జగన్ వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు, పరీక్షలని రాలేదు. తాత ఊరు తుక్కుగూడ దాటాక నాలుగు కిలోమీటర్లు. ఇంటి ముందు ముగ్గులు, గడపకు పసుపు, లోపల్నుంచి పరమాన్నం వాసన. అమ్మమ్మ లింగమ్మ కూతుర్ని చూస్తూనే చెంపలు నిమిరి, “బక్కగైనవు మంజులా,” అంది. మంజుల బక్కగా ఎప్పుడూ లేదు, కానీ ఆ మాట వినడానికే పుట్టింటికి వచ్చినట్టు సంతోషపడింది.

ఒడిబియ్యం పోసేది దేవుని అర్రలో. నాలుగు మట్టిగోడలు, చారెడు కిటికీ, ఒక దీపం, ఎప్పుడో పెట్టిన పసుపుపచ్చ బల్బు. బయట ఎండ పేలిపోతున్నా ఆ అర్రలోకి అడుగుపెడితే కళ్ళు సర్దుకోవడానికి కాసేపు పడుతుంది. కవిత కెమెరా తీసి మొదటి ఫోటో నొక్కింది. ఫ్లాష్ భగ్గుమంది. శివయ్య ఒక చేత్తో కన్ను మూసుకుని పీట మీద కూలబడ్డాడు. నెల కిందే ఆయనకు కంటి ఆపరేషన్ అయింది.

“ఏం గాలే బిడ్డా, ఏం గాలే,” అన్నాడు ఆయనే. “గానీ ఆ మెరుపు మల్ల కొట్టకు. జర గుచ్చుకుంటున్నది.”

కవిత ఫ్లాష్ ఆపేసింది. ఆపేస్తే ఏమవుతుందో స్టూడియోలో రెండేళ్ళు పనిచేసిన పిల్లకు తెలియకపోదు. వెలుతురు చాలక చిన్న కెమెరా తడుముకుంటుంది. మనుషులు కదిలితే మొహాలు చెదిరిపోతాయి. గోడకు వీపు ఆనించి, మోచేతులు పొట్టకు అదిమి, ఊపిరి బిగబట్టి తీసింది.

మంజుల కొత్త చీర కట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని పీట మీద కూర్చుంది. లింగమ్మ పసుపుబియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికగుడ్డ పళ్ళెంలో సర్ది భర్తకు అందించింది. శివయ్య దోసిలి నింపాడు. ఆయన చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. సగం బియ్యం ఒడిలో పడ్డాయి, సగం నేల మీద రాలాయి. ఆయన వంగి ఆ రాలిన గింజలను ఏరబోయాడు.

“ఉండనియ్యి బాపూ, నేను ఏరుకుంట,” అంది మంజుల.

“నీ ఒడిలయి బిడ్డా. నేల మీద ఉంచొద్దు,” అన్నాడు శివయ్య. ఒక్కొక్క గింజ ఏరి కూతురి ఒడిలో వేస్తుంటే ఆయన కళ్ళు తడిశాయి. మంజుల వెక్కి వెక్కి ఏడ్చింది. గుమ్మం దగ్గర నిలబడ్డ గోవర్ధన్ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. కవిత ఆ చిన్న బటన్‌ను నొక్కుతూనే ఉంది.

ఆ సాయంత్రమే స్టూడియోలో కంప్యూటర్ మీద ఫోటోలు తెరిచింది. వెనక రవీందర్ సార్ నిలబడి చూస్తున్నాడు. ఒకటి, రెండు, పది, ఇరవై. తాత చేతులు పొగలాగా ఉన్నాయి. పసుపుబియ్యం ఒక పచ్చటి గీతలాగా ఉంది. అమ్మమ్మ మొహం నిండా చుక్కలు చుక్కలుగా గరుకు. ఆరుబయట, భోజనాల దగ్గర తీసినవి మాత్రం నిక్షేపంలా ఉన్నాయి, కానీ అవి ఎవరికి కావాలి.

“ఎండల మంచిగ తీసినవు,” అన్నాడు రవీందర్ సార్ నెమ్మదిగా. ఆయన మంచి మనిషి, అందుకే ఆ మాట చెప్పడానికి అంతసేపు పట్టింది. “గానీ ఆడోళ్ళ కార్యాలన్నీ అర్రలల్లనే గదమ్మా. ఇవి చూపిచ్చి నిన్ను ఎవరింటికి పంపాలె? ఒక్కనాటి ముచ్చట, మల్ల చెయ్యమంటే చేస్తరా?”

కవిత పది ఫోటోలు ప్రింటు తీసుకుని ఇంటికి వచ్చింది. గోవర్ధన్ అప్పుడే అన్నానికి కూర్చున్నాడు. ఆమె ఫోటోలు ఆయన కంచం పక్కన పెట్టింది.

ఆయన ఎడమ చేత్తో ఒకటి తీసి ట్యూబులైటు వైపు ఎత్తి చూశాడు. “ఇదెవరు?”

“అమ్మమ్మ.”

ఇంకోటి తీశాడు. “ఇది?”

“తాత బియ్యం పోస్తుండు.”

గోవర్ధన్ చాలాసేపు చూశాడు. “గిట్లెందుకొచ్చినయి? నేను తీస్తే ఎన్నడు గిట్ల రాలే.”

“ఎయిర్‌పోర్టు కాడ ఎండ ఉంటది బాపూ. ఎండ లేకుంటే పట్టపగలు లెక్క లైట్లుంటయి. దేవుని అర్రల ఏముంటది?” కవిత గొంతు పెరిగింది. “ఫ్లాష్ కొడ్తామంటే తాత కన్ను. ఈ చిన్నదానికి చీకట్ల కనవడదని నాకు ముందే ఎర్క. అందుకే పెద్దది అడిగిన. అమ్మకు తాత ఒడిబియ్యం పోస్తున్న ఫోటో ఒక్కటి గూడ లేకుంట అయింది. సార్ ఇగ నన్ను పంపనన్నడు.”

“నేను మంచిదనుకొని...”

“అన్న ల్యాప్‌టాప్ అడిగిండు. కంపెనీ పేరు గూడ కాయితం మీద రాయించుకొని పోయి గదే తెచ్చిచ్చినవు. నేనడిగింది ఫ్రిజ్ మీద అంటించినా నీకు ఆనలే. ఆడపిల్ల గద, చిన్నది సాలనుకున్నవు.”

“కవితా,” అంది మంజుల. “ఇగ ఆపు.”

కవిత మాట గోవర్ధన్‌కు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు. కవిత ఫోటోలన్నీ తీసుకుని ఒక్కటొక్కటే చించింది. చించినవి లెక్కపెడితే తొమ్మిదే ఉండేవి, కానీ ఆ కోపంలో ఎవరు లెక్కపెడతారు. పదో ఫోటో అప్పటికే మంజుల కుట్టుమిషన్ సొరుగులోకి వెళ్ళిపోయింది.

రెండు రోజులు ఇంట్లో మాటలు అవసరానికి మించి నడవలేదు. గోవర్ధన్ పొద్దున్నే పోతున్నాడు, వచ్చి తిని పడుకుంటున్నాడు. “అన్నం తిన్నదా?” అని మంజులను అడుగుతున్నాడు. “తిన్నడా?” అని కవిత అమ్మనే అడుగుతోంది. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి మంజులకు విసుగొచ్చింది. “నేనేమన్న పోస్టుమ్యానునా,” అని ఇద్దరినీ తిట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం కవిత చిన్న కెమెరా తీసింది. ఉన్నవన్నీ చెరిపేసి, డబ్బాలో పెట్టి బాపుకు ఇచ్చేద్దామని. మసక ఫోటోలు ఒక్కొక్కటి దాటుకుంటూ వెనక్కి వెళ్ళింది. అన్నిటికన్నా మొదటిదాని మీద చిన్న గుర్తు ఉంది, అది ఫోటో కాదు, వీడియో. తను తీసింది కాదు. ఆమె నొక్కింది.

తెర మీద మొదట ఒక తెల్ల కారు టైరు కనిపించింది. తరువాత బాపు చెప్పులు. కెమెరా వంకరగా పైకి లేచింది. ఎయిర్‌పోర్టు ట్యాక్సీలు నిలిపే చోట, కారుకు ఆనుకుని గోవర్ధన్ నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో కెమెరా ఖాళీ డబ్బాను ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు, బడిలో ప్రైజు అందుకున్న పిల్లవాడిలాగా. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు.

“నొక్కినవారా పాండూ?”

“నొక్కిన అన్నా. ఏం చప్పుడు గాలే,” అంది ఇటువైపు గొంతు. పాండు అంటే బాపుతో పాటు నడిపే డ్రైవరు. ఫోటో బటన్ అనుకుని వీడియో బటన్ నొక్కాడన్నమాట. “అన్నా, బిడ్డ పెద్దది అడిగిందంటివి?”

“అడిగింది.”

“మరి కొడుక్కు ల్యాప్‌టాప్ అడిగిందే కొంటివి. బిడ్డకు ఇదెందుకు?”

పైన విమానం ఒకటి పోతున్నట్టుంది, కాసేపు హోరు తప్ప ఏమీ వినపడలేదు. గోవర్ధన్ అది పోయే దాకా ఆగాడు.

“ల్యాప్‌టాప్ సంగతి నాకేమెర్కరా. వాడు రాసిచ్చిందే తెచ్చిన. మంచిదో చెడ్డదో నాకేం తెలుసు. కెమెరా గట్ల గాదు. నాకు ఎర్కున్న వస్తువు ఇదొక్కటే. ఎర్కున్నది గూడ మంచిది చూసి కొనకుంటే ఎట్ల?” డబ్బాను ఒకసారి చొక్కాకు తుడిచాడు. “మూత తీసేలోపు మనుషులు పోతరు పాండూ. మనం రోజూ చూస్తున్నం గద. నా బిడ్డ మొదటిపారి తీస్తున్నది. ఒక్క ఫోటో గూడ తప్పిపోవద్దు.”

“ఇగ అయిందా అన్నా?”

“నువ్వు నొక్కితే గద అయ్యేది.”

అక్కడితో ఆగిపోయింది. కవిత మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. మూడోసారి పెట్టేసరికి తెర కనిపించలేదు, కళ్ళు నిండిపోయాయి. ఎంత మాట అన్నది తను. ఆడపిల్ల గద, చిన్నది చాలనుకున్నవు. ఆ మాటకు జవాబు మూడు రోజులుగా ఈ కెమెరాలోనే ఉంది, అది ఉన్నట్టు బాపుకే తెలియదు.

గేటు చప్పుడైంది. గోవర్ధన్ ఆ వేళకు ఎన్నడూ రాడు. చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

“బిడ్డా, జర వింటవా?” అన్నాడు. “పొద్దుగాల ఒక సారు ఎక్కిండు, మెడల పెద్ద కెమెరా ఉన్నది. కారు పార్కింగు కిందంతస్తుల ఉండె, ఆడ చీకటి. సారూ, మీ పుణ్యముంటది, ఫ్లాష్ కొట్టకుంట నా సీటు కింద ఒక ఫోటో తీయి అన్న. పిచ్చోన్ని చూసినట్టు చూసిండు. గానీ తీసిండు.” గోవర్ధన్ తన కాలి చెప్పు చూపించాడు. “నా చెప్పు తెగిన కాడ దారం కుట్టు గూడ కనవడ్డది బిడ్డా. నువ్వు చెప్పింది నిజం. నేను ఎండల తీసెటోన్ని. చీకటి సంగతి నాకు తెల్వదు. తెల్వనప్పుడు అడిగిన మనిషి మాట వినాలె. పా, కోఠికి పోదాం.”

కవిత లేచి వెళ్ళి ఆయన భుజం మీద తల పెట్టింది. “నాకు పెద్దది వద్దు బాపూ. ఇదే సాలు.”

“ఎందుకు సాలు? మొన్ననే గంత లొల్లి చేస్తివి.”

ఆమె చిన్న కెమెరా ఆయన చేతిలో పెట్టి వీడియో నొక్కింది. గోవర్ధన్ తనను తాను చూసుకున్నాడు, తన గొంతు తను విన్నాడు. అయిపోయాక, “పాండుగానికి ఒక్క పని సక్కగ రాదు,” అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. “ముచ్చట ముచ్చటే, పని పనే బిడ్డా. నా మీద ప్రేమ ఉంటే ఇంట్ల సూపియ్యి. దుకాణంల మాత్రం నీకేం కావాలెనో గదే అడుగు.”

కోఠిలో దుకాణంవాడు ఇద్దరినీ చూసి, కుర్చీ గోవర్ధన్ వైపు జరిపాడు. “సార్, మీకు ఎలాంటి కెమెరా చూపించమంటారు?”

“నాకు గాదు,” అన్నాడు గోవర్ధన్. “ఫోటోగ్రాఫర్ ఆమె. ఆమెను అడుగు.” ఆ మాట అని రెండడుగులు వెనక్కి వేసి, గోడకున్న కెమెరా సంచులను చూస్తూ నిలబడ్డాడు.

ఫోటోగ్రాఫర్ అని కవితను అంతవరకూ ఎవరూ అనలేదు. బల్ల ముందుకు జరిగి తనకేం కావాలో చెప్పింది. చీకటి గదుల్లో ఫ్లాష్ లేకుండా తీయాలని, అందుకు పనికొచ్చే లెన్సు కావాలని, పెద్ద హంగులు అక్కర్లేదని. వాయిదాల మీద తీసుకుంటామని కూడా తనే చెప్పింది. బేరం మధ్యలో గోవర్ధన్ ఒక్కసారే నోరు తెరిచాడు, సంచి జిప్పు గట్టిగా ఉందేమో చూడమని.

ఆదివారం ఒడిబియ్యం వండుకునే రోజు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆ పసుపుబియ్యాన్ని మెట్టింట్లో వండి, దగ్గరివాళ్ళను పిలిచి పెట్టాలి. శివయ్య, లింగమ్మ పొద్దున్నే వచ్చారు. దేవుని అర్రలో ఆ రోజు ఏదైతే పోయిందో అది మళ్ళీ రాదని కవితకు తెలుసు. అయినా పెద్ద కెమెరా మెడలో వేసుకుని వంటింట్లో ఒక మూల నిలబడింది. ఆ వంటింట్లోనూ వెలుతురు అంతంతమాత్రమే. పొయ్యి మంట, కిటికీ చారెడు, అంతే. ఈ కెమెరాకు అది చాలింది.

మొదట్లో అందరూ కట్టెల్లాగా బిగుసుకుపోయారు. అంత పెద్ద లెన్సు తమ వైపు తిరిగేసరికి లింగమ్మ చెయ్యి కొంగు మీదికి, శివయ్య చెయ్యి మీసం మీదికి పోయాయి. కవిత కాసేపు చూసింది. తరువాత కన్ను కెమెరాకు ఆనించే ఉంచి అడిగింది.

“తాతా, కట్టె బస్సుల మర్చిపోయినవా?”

శివయ్య ఉలిక్కిపడి తలెత్తాడు. లింగమ్మ ఆయన చంకలోనే ఉన్న చేతికర్రను చూసి పకపకా నవ్వింది. మంజుల గరిటె పట్టుకునే వెనక్కి తిరిగి నవ్వింది. కవిత నొక్కింది. గుమ్మంలో నిలబడ్డ గోవర్ధన్ మాత్రం నవ్వలేదు. ఆ మాట ఎక్కడిదో ఆ ఇంట్లో ఆయనకే బాగా తెలుసు. కూతురి వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు. కవిత కెమెరా ఆయన వైపు తిప్పి అది కూడా తీసింది.

మంగళవారం రవీందర్ సార్ ఆ ఫోటోలు చూసి, మమ్మల్ని ఎక్కువ పొగడకుండా ఒక అడ్రసు రాసిచ్చాడని కవిత ఇంటికొచ్చి చెప్పింది. అత్తాపూర్‌లో శ్రీమంతం, పై గురువారం. “మమ్మల్ని అంటే ఎవరు?” అని అడిగింది మంజుల. “నన్నూ, నా కెమెరానూ,” అంది కవిత.

గోవర్ధన్ ఆ సాయంత్రం టేకు రంగు ఫ్రేము ఒకటి తెచ్చాడు. హాల్లో గోడకు పెట్టడానికి ఒక ఫోటో ఏరమన్నాడు. కవిత అప్పటికే ఏరి పెట్టింది, తాత మధ్యలో, అమ్మ నవ్వు, అమ్మమ్మ పన్ను లేని నోరు, పొయ్యి వెలుగులో ముగ్గురి మొహాలూ వెంట్రుకతో సహా కనిపించే ఫోటో. గోవర్ధన్ దాన్ని ఫ్రేములో అమర్చి, అద్దం తుడిచి, దూరంగా పట్టుకుని చూసి మురిసిపోయాడు.

“మంచిగున్నది,” అంది మంజుల. అని, మిషను దగ్గరికి వెళ్ళి సొరుగు లాగింది. రవికగుడ్డల కింద నుంచి ఒక ఫోటో తీసి తెచ్చి బల్ల మీద పెట్టింది. కవిత చించకుండా మిగిలిపోయిన పదోది. దేవుని అర్రలో, చిన్న కెమెరాతో తీసింది. తాత వంగి ఉన్నాడు, చేతులు పొగలాగా, బియ్యం ఒక పచ్చటి గీత.

“ఫ్రేముల ఇది పెట్టుండ్రి,” అంది.

“అదెందుకమ్మా. దాంట్ల తాత మొఖమే కనవడ్తలేదు. అంతా మసక.”

మంజుల ఫోటోను చీర కొంగుతో మెల్లగా తుడిచింది.

“అవు బిడ్డా. ఆయన గింజలు ఏరి నా ఒడిల ఏస్తుంటే నా కండ్ల నిండ నీళ్ళున్నయి. నాకు గూడ మా బాపు గిట్లనే కనవడ్డడు.”

కవిత ఆ ఫోటో అందుకుని, బాపులాగా వెలుతురు వైపు ఎత్తకుండా, దగ్గరగా పట్టుకుని చూసింది. గోవర్ధన్ చొక్కా జేబులో ఉన్న చిన్న కెమెరాను ఒకసారి తడుముకున్నాడు. తరువాత కింద కూర్చుని ఫ్రేము వెనకున్న మేకులు ఒక్కొక్కటే ఊడదీశాడు.